ఒకటో స్థాయి వీరులు

మా కమిషనర్ విశ్వంభరరావుగారు బెంగళూరులో జరిగిన ఆ సదస్సుకి వెళ్లకుండా ఉంటే, నేను ఈపాటికి ఎవరికీ ఉపయోగపడకుండా, ఎవరి కంటా పడకుండా, హాయిగా ఉద్యోగం చేసుకుంటూ ఉండేవాణ్ని.

నాపేరు భానోజీ. నాగళ్లవలస పురపాలక సంఘంలో మంచినీటి విభాగం సీనియర్ అసిస్టెంటుని. కుళాయిల మీద ఫిర్యాదులు స్వీకరించడం నా పని. స్వీకరించాక ఏం చేయాలన్నది నా పనిలో ఉన్నట్టు నేనెప్పుడూ అనుకోలేదు. సూపరింటెండెంటు పదోన్నతి నా దాకా వస్తే వద్దని రాసిచ్చాను. పదోన్నతి ఒంటరిగా రాదు, బదిలీని చంకనెత్తుకుని వస్తుంది. బలగవారి కాఫీ కొట్టు ఆఫీసు గేటు పక్కనే ఉన్న ఊరు వదిలిపెట్టి మన్యంలోకి పోయి ఎవరిని ఉద్ధరించాలి?

అలాంటి నన్ను పట్టుకుని కమిషనర్‌గారు వీరుణ్ని చేశారు.

సదస్సు నుంచి వచ్చిన మర్నాడే సమావేశ మందిరంలో అందర్నీ కూర్చోబెట్టారు. ఆయన మామూలుగానే జీవో చదువుతున్నట్టు మాట్లాడతారు. ఆ రోజు పట్టాభిషేకం జరుగుతున్నట్టు మాట్లాడారు.

"ఉద్యోగి అనువాడు వీరుడు. ఫిర్యాదు అనునది రాక్షసుడు. ఇకమీదట మన కార్యాలయమందు ఫిర్యాదులు పరిష్కరింపబడవు. సంహరింపబడతాయి!"

వెనక కూర్చున్న తవిటినాయుడు నా వీపు గోకి, "ఇన్నాళ్లూ మనం పరిష్కరించీసేవోళ్లమా ఏటి?" అన్నాడు. నాయుడు నా పక్క సీటు. పన్నుల విభాగం.

తెర మీద బొమ్మలు వచ్చాయి. కోటలు, కత్తులు, కొమ్ముల కిరీటాలు. దాని పేరు 'ప్రజాసేవా సామ్రాజ్యం'. ఏదో కంపెనీ పిల్లలకోసం చేసిన ఆటని కొద్దిగా దులిపి మాకు అమ్మింది. ఉద్యోగులందరూ తలా ఒక వీరుణ్ని తయారుచేసుకోవాలి. పెద్ద జాబితాలోంచి ఏడు ముఖ్య నైపుణ్యాలు ఎంచుకోవాలి. ఫిర్యాదు ముగించినప్పుడల్లా ఏ నైపుణ్యం వాడామో నిజాయితీగా నొక్కాలి. అబద్ధం నొక్కితే సస్పెన్షను. ముఖ్య నైపుణ్యాలు వాడేకొద్దీ వీరుడి స్థాయి పెరుగుతుంది. స్థాయిని బట్టి రాక్షసుణ్ని కేటాయిస్తారు. ఒకటో స్థాయి వాడికి ఎలుకలు, అంటే కుళాయి తిరగకపోవడంలాంటివి. ఆపైన తోడేళ్లు, ఆపైన భూతాలు. చిట్టచివర మహాభూతం.

"స్థాయి పెరిగితే ఏమిస్తారండీ?" అని ఎవరో అడిగారు.

"పేరు పక్కన కిరీటం బొమ్మ," అన్నారు కమిషనర్‌గారు. మందిరమంతా నిశ్శబ్దమైపోయింది. ఆయన దాన్ని భక్తి అనుకున్నారు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి మా అమ్మాయి నీలవేణికి ఇదంతా చెప్పాను. ఇంటర్ చదువుతోంది. పడీపడీ నవ్వింది. తరవాత తన కంప్యూటర్ ముందు నన్ను కూర్చోబెట్టి, అచ్చం అలాంటి ఆటే ఒకటి తెరిచింది. నాకో వీరుణ్ని తయారుచేసి ఇచ్చింది. నేను ఉత్సాహం కొద్దీ కనపడ్డ గోడలన్నీ దూకాను, కనపడ్డ కుక్కలన్నిటినీ పొడిచాను. చూస్తుండగానే స్థాయి పెరిగింది. ఊరి పొలిమేర దాటగానే ఎలుగుబంటి వచ్చి ఒక్క చరుపు చరిచింది. చచ్చాను.

"ఇందాక ఇక్కడ ఎలుకే కదే ఉంది?"

"నువ్వు పెరిగావు కదా నాన్నా. నువ్వు పెరిగేకొద్దీ అవీ పెరుగుతాయి."

"మరి పెరగడం ఎందుకే?"

అది నా మొహంలోకి వింతగా చూసింది. "పెరక్కపోతే ఆటేముంది? అయినా, పెరక్కుండా ఆడే మహానుభావులూ ఉన్నార్లే. ఎప్పుడూ వాడని విద్యలు ముఖ్యమైనవని పెట్టుకుంటారు. రోజూ వాడేవి పక్కన పడేస్తారు. ఎంత వాడినా లెక్కలోకి రావు. కత్తి తిప్పడంలో మొనగాడై ఉంటాడు, కానీ ఒకటో స్థాయిలోనే ఉంటాడు. ఆటలో దయ్యాలన్నీ వాడికోసం ఎలుకలైపోతాయి."

జ్ఞానోదయం అంటే ఏమిటో నాకు ఆ క్షణంలో తెలిసింది. నా పాతికేళ్ల సర్వీసుకి సిద్ధాంతం దొరికింది.

మర్నాడు ఆఫీసులో జాబితా ముందు కూర్చున్నాను. పిల్లల ఆటలోంచి వచ్చిన విద్యల్ని కంపెనీవాళ్లు తీసెయ్యలేదు. వాటి పక్కనే మావీ చేర్చారు. ఫిర్యాదు వినడం, పైపులైను తనిఖీ, కాగితం రాయడం, నచ్చజెప్పడం. వీటి జోలికి పోతే ప్రమాదం. నేను ఖడ్గవిద్య, విలువిద్య, గుర్రపుస్వారీ, మూలికలతో మందు కాయడం, తాళాలు విప్పడం, డాలు పట్టడం, మంచుగాలి మంత్రం ఎంచుకున్నాను. మంచినీటి విభాగంలో వీటి అవసరం కలికాలం ముగిసేలోపు రాదు.

లెక్క కుదిరింది. నేను ఎన్ని ఎలుకల్ని చంపినా నా వీరుడు ఒకటో స్థాయిలోనే రాయిలా కూర్చున్నాడు. పాపం మా ఇంజనీరు మాత్రం నిజాయితీగా పైపులైను తనిఖీ పెట్టుకున్నాడు. కిరీటం వచ్చింది, వెంటనే భూతాలు వచ్చి పడ్డాయి, ఆయన మెడికల్ లీవు పెట్టాడు.

ఈ సంగతి గుప్పుమంది. ఒక్కొక్కరే నా బల్ల దగ్గరికి రావడం మొదలుపెట్టారు. నేను వాళ్ల స్వభావం, అలవాట్లు విచారించి, జాతకం చూసినట్టు చూసి ఏడేసి నైపుణ్యాలు చెప్పేవాణ్ని. కాఫీలు వాళ్లే తెప్పించేవాళ్లు. నా జీవితంలో నన్నెవరైనా సలహా అడగడం అదే మొదలు. ఆ గర్వంతో నాలుగంగుళాలు ఎత్తు పెరిగాను. స్థాయి మాత్రం పెరగలేదు.

రెవెన్యూ కౌంటర్‌లో ఉండే ఆవిడకు మృదుభాషణం ముఖ్య నైపుణ్యంగా పెట్టించాను. రిటైరయ్యేదాకా ఆవిడకి ఢోకా లేదు. తవిటినాయుడికి పరుగు చెప్పాను. అతను ఆఫీసు మెట్లు కూడా ఆగి ఆగి ఎక్కుతాడు. కానీ ఇంటిపన్ను కొలతకు వెళ్లినచోట కుక్క వెంటపడింది. చచ్చినట్టు నిజం నొక్కవలసి వచ్చింది. అతనికో తోడేలు కేటాయించారు.

"నీ సలహా తగలెయ్యా భానోజీ! కుక్కున్న ఇంటికి నన్నెందుకెళ్లనిచ్చావు?"

"ఎప్పుడూ పరిగెత్తనివాడివి అప్పుడు మాత్రం ఎందుకు పరిగెత్తావు నాయుడూ? కరిపించుకుని ఉంటే ఒకటో స్థాయిలోనే ఉండేవాడివి," అన్నాను. నిజంగానే అన్నాను. అంత ముదిరిపోయాను.

ఇంజనీరు లీవులో ఉన్నాడు, నాయుడి తోడేలు ఎలాగో తీరిపోయింది. మిగిలినవాళ్లం ఒకటో స్థాయిలో స్థిరపడ్డాక ఒక వింత జరిగింది. ఊళ్లో పెద్ద ఫిర్యాదులు కనపడటం మానేశాయి. ఆట సంగతి అంతే కదా, వీరులకి తగిన రాక్షసుల్నే చూపిస్తుంది. ఎవరైనా పెద్ద ఫిర్యాదు ఎక్కించబోతే తెర మీద ఒక ముక్క వచ్చేది: 'తగిన వీరుడు లేనందున సదరు రాక్షసుడు ఈ పట్టణమందు ఉనికిలో లేడు.'

కమిషనర్‌గారు దాన్ని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "మన సంఘ పరిధిలో ఎలుకలు మినహా ఏ విధమైన దుష్టశక్తీ లేదు. ఇట్టి ఘనత రాష్ట్రమందు మరి ఏ పట్టణానికీ దక్కలేదు," అన్నారు. 'రాక్షసరహిత పట్టణం' అనే పురస్కారం కోసం పైకి రాశారు. పరిశీలన బృందం వస్తోందని కబురొచ్చింది. ఆఫీసు గేటుకి కోటగుమ్మం లాగా అట్టలు కట్టించారు.

అట్టలు కడుతుండగానే కంచరవీధి నుంచి నూకరత్నం వచ్చింది. ఇత్తడి సామాన్లకి మెరుగు పెట్టే పని ఆమెది. చేతులు మణికట్టు దాకా చింతపండు పులుపుకి నానిపోయి ఉన్నాయి. తెచ్చిన సీసా నా బల్లమీద పెట్టింది. అందులో నీళ్లు టీ రంగులో ఉన్నాయి.

"కుళాయి నీలు బావూ. మురుగు కలిసిపోతంది. వాసన సూడండి."

చూడకుండానే తెలిసింది. నేను ఎక్కించాను. మురుగు కలవడం మహాభూతం కిందికి వస్తుంది. తెర మామూలు జవాబే చెప్పింది. నేను ఆమెకి వివరించాను.

"అలాంటిది మన ఊళ్లో లేదట అమ్మా."

"సీసాలో ఉంది కదా బావూ!"

"సీసాలో ఉంది. ఊళ్లో లేదు."

ఆమె నాకేసి చూసిన చూపు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. కానీ అప్పుడు నాకు చిక్కుముడి విప్పాలన్న సరదా పుట్టింది. మహాభూతాన్ని ముక్కలు కోస్తే ఎలుకలవుతాయి కదా! రంగు ఒక ఎలుక, వాసన ఒక ఎలుక, రుచి ఒక ఎలుక. మూడు ఫిర్యాదులు రాశాను. మూడూ స్వీకరించబడ్డాయి. తవిటినాయుడు నా చెయ్యి పట్టుకుని ఊపి, "బుర్రంటే నీదే బుర్ర," అన్నాడు.

రంగు ఎలుకని పటికతో చంపాం. కంచరవీధికి ఇంటికో పటిక ముక్క పంపించాం. రుచి ఎలుక దగ్గర కమిషనర్‌గారే తీర్పిచ్చారు. "రుచి అనునది వ్యక్తిగత అభిప్రాయము. అందు సంఘము జోక్యం చేసుకోజాలదు." మిగిలింది వాసన. బ్లీచింగు చల్లించాం. అది ముగియాలంటే ఫిర్యాదుదారు సంతకం కావాలి. సంతకం కోసం నేనే కంచరవీధికి బయల్దేరాను. పరిశీలన బృందం వచ్చేలోపు ఒక్క ఎలుక కూడా మిగలకూడదని కమిషనర్‌గారి ఆజ్ఞ.

వీధి మామూలుగా ఉంటే సుత్తి చప్పుళ్లతో చెవులు చిల్లులు పడేవి. ఆ రోజు సద్దులేదు. సగం గుమ్మాల్లో జనం చాపలమీద పడుకుని ఉన్నారు. నూకరత్నం నన్ను చూసి కుర్చీ వేసింది. లోపల మంచం మీద ఆమె కూతురు పడుకుని ఉంది. మా నీలవేణి ఈడుదే. పక్కన తెరిచిన పుస్తకం బోర్లా పెట్టి ఉంది. కళ్లు పసుపు కొమ్ముల్లా ఉన్నాయి.

"కామెర్లా?"

"వీదంతా అదే బావూ. డాక్టరుగోరు నీలు మార్సమన్నారు. కొనుక్కున్నన్నాలు కొనుక్కున్నాం." ఆమె గొంతులో కోపం లేదు. అదే నాకు ఇబ్బందయింది. కోపంగా ఉంటే నచ్చజెప్పేవాణ్ని. "సంతకం పెట్టీత్తాను లెండి. మీరూ ఉజ్జోగస్తులు, మీ పాట్లు మీకుంటాయి. ఎండన పడొచ్చారు, ముందు ఇన్ని నీలు తాగండి."

కుళాయి కింద పట్టి గ్లాసు తెచ్చి ఇచ్చింది. ఎగతాళికి ఇవ్వలేదు. వాళ్లింట్లో ఉన్న నీళ్లు అవే. పటిక వేసిందేమో, రంగు కాస్త విరిగింది. నేను గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. మంచం మీద నుంచి ఆ పిల్ల నన్నే చూస్తోంది. పెదాల దాకా తీసుకెళ్లాను. నా వల్ల కాలేదు. కింద పెట్టాను.

"పరవానేదు," అంది నూకరత్నం, నాకే ధైర్యం చెబుతూ. "ఇలా తెండి, ఎక్కడ పెట్టాలి సంతకం?"

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాను. ఏం చేయాలో తెలియలేదు. తెలిసిందల్లా అక్కణ్నుంచి పోవాలని. పోతూ పోతూ ఫిట్టర్ ఎర్రన్న ఇంటికి పోయాను. అతనికి మా ఆఫీసు ఎలుకల్ని మించి ఏదీ కేటాయించక చాలాకాలమైంది. గుమ్మంలో కూర్చుని పేక ముక్కలు కలుపుతున్నాడు.

"ఆ లైను కల్వర్టు కాడ కాలవలోంచే పోతాదండి. అక్కడే పగిలుంటాది," అన్నాడు.

"మరి చెప్పలేదేం?"

"నాకు తెలీటానికి నేదు కదండీ. నాది ఒకటో స్థాయి. మీరే పెట్టించారు."

అతని గుమ్మం పక్కనున్న గునపం నేనే భుజాన వేసుకున్నాను. వీధిలో లేవగలిగిన మగవాళ్లు నలుగురు, నూకరత్నం, ఇంకో ఇద్దరాడవాళ్లు వచ్చారు. కాలవలో దిగాం. నేను దిగాను అనడం కంటే జారిపడ్డాను అనడం సబబు. గునపం రెండు పోట్లు వేసేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. మూడో పోటు నా చెప్పుమీదే వేసుకున్నాను. నూకరత్నం నా చేతిలోంచి గునపం లాక్కుని, "మీరా గట్టుమీద కూకోండి బావూ," అంది. తరవాత నేను చేసిందల్లా బురద తట్టలందుకోవడం, ఎర్రన్న అడిగిన సామాను కొట్టునుంచి పట్టుకురావడం. పొద్దుగూకే వేళకి ఎర్రన్న పగిలిన ముక్క తీసి కొత్తది వేశాడు. అంతసేపూ నేనేదో వీరకార్యం చేస్తున్నట్టు ఊహించుకున్నాను. ఒళ్లంతా మురుగు వాసన లేకపోతే ఆ ఊహ ఇంకాసేపు నిలిచేది.

మర్నాడు పదింటికల్లా కమిషనర్‌గారు నన్ను పిలిపించారు. బల్లమీద నామీద అభియోగం సిద్ధంగా ఉంది.

"భానోజీ గారూ! కంచరవీధి కల్వర్టు వద్ద తమరు ఒక మహాభూతమును సంహరించినట్లు మా దృష్టికి వచ్చినది. నిజమేనా?"

"ఎర్రన్న సంహరించాడండి. నేను తట్టలందుకున్నాను."

"సదరు భూతము మన పట్టణమందు ఉనికిలో లేదు. లేని భూతమును తమరు ఏ అధికారంతో చంపారు? చంపితిరి గనుక అది ఉన్నట్లయినది. ఉన్నట్లయితే మన పురస్కారమేమి కావలెను?"

తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆయన కొంచెం మెత్తబడ్డారు. ఎంతైనా ఆ వీధిలో కామెర్లు తగ్గితే ఆయనకీ మంచిదే. పనికి అధికారం కల్పించే దారి వెతకడం మొదలుపెట్టారు.

"ఏ నైపుణ్యము వాడితిరో చెప్పండి. దాని కింద క్రమబద్ధీకరిస్తాము. ఖడ్గవిద్యా?"

"కాదండి. గునపం కూడా సరిగా పట్టలేకపోయాను."

"పైపులైను తనిఖీ?"

"నాకు రాదండి."

"నచ్చజెప్పుట?"

"నన్నే వాళ్లు ఊరుకోబెట్టారండి."

"మరి దేనితో వెళ్లినారయ్యా?" అని ఆయన విసుక్కున్నారు. విసుగులో మామూలు మనిషిలా మాట్లాడారు.

ఎంత ఆలోచించినా నాకు ఒకటే తోచింది. "సిగ్గేసిందండి. ఆవిడ మంచినీళ్లిచ్చింది. తాగలేకపోయాను. సిగ్గేసి వెళ్లాను."

కమిషనర్‌గారు జాబితా మొదటినుంచి చివరిదాకా చూశారు. "సిగ్గు అను నైపుణ్యము ఇందులో లేదే!" అన్నారు. వెంటనే కంపెనీకి ఫోన్ చేశారు. ఆయనలో నాకు నచ్చే గుణం అదొకటి. లోపం కనపడితే సరిదిద్దుతారు, ఏ లోపమో చూసుకోరు. సాయంత్రానికల్లా జాబితాలో 'సిగ్గు' చేరింది. నా పని క్రమబద్ధమైంది. కొత్తగా ఒక నైపుణ్యం చేరింది కాబట్టి అందరూ తమ ఏడింటినీ మళ్లీ ఎంచుకోవచ్చని సర్క్యులర్ వచ్చింది.

అది చదివి ఆఫీసంతా ఒక్క ఉదుటున లేచింది. తవిటినాయుడు అందరికంటే ముందు పరిగెత్తాడు. పరుగుని ముఖ్య నైపుణ్యాల్లోంచి తీసేసి, ఆ జాగాలో సిగ్గు పెట్టుకున్నాడు. "ఇంతకంటే భద్రమైంది నీ బుర్రకి ఇన్నాళ్లూ తట్టలేదేం భానోజీ?" అన్నాడు. రెవెన్యూ కౌంటరావిడ పెట్టుకుంది. మెడికల్ లీవులో ఉన్న ఇంజనీరు ఫోన్ చేసి పెట్టించుకున్నాడు. పాలకవర్గ సభ్యులు తమకీ అవకాశం ఇవ్వాలని తీర్మానం చేశారు. ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. కమిషనర్‌గారు అందరి పేర్లపక్కనా సిగ్గు చూసి, "ఇంత సిగ్గు గల కార్యాలయం మరొకటి లేదు," అని పరిశీలన బృందానికి వేరే పేజీ రాశారు.

ఇంట్లో నీలవేణి అడిగింది. "మరి నువ్వేం పెట్టుకున్నావు నాన్నా?"

"నేనూ అదే."

"ఒకసారి వాడావు కదా?"

"పొరపాటున వాడాను. మళ్లీ వాడతానా?"

అది నవ్వలేదు. భోజనం ముందు కూర్చున్నప్పుడు చెంబులో నీళ్లు నాకు వంచి ఇచ్చి, నేను తాగేదాకా చూసింది. అప్పుడు నవ్వింది.

మర్నాడు ఆఫీసులో నా బల్లముందు ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. బట్టల మూట చూస్తే చాకలిపేట వాడని తెలుస్తోంది. వీధి కుళాయికి తిప్పే చక్రం లేదు, నీళ్లు రాత్రింబగళ్లు పోతున్నాయి అని చెప్పాడు. ఎలుక. దానికి ఒక కాగితం రాసి, సామాను లేదు రేపు రండి అంటే సరిపోతుంది. అలాగే అన్నాను. ఆయన దణ్ణం పెట్టాడు. "ఇసుక్కోకండి బావూ, దూరమైనా రేపూ ఒస్తాను," అని మూట ఎత్తుకుని గుమ్మందాకా వెళ్లాడు.

సామాను గదిలో చక్రాలు పెట్టెడు ఉన్నాయి.

'సామాను లేదు' అని ఆ ఎలుకని ముగించబోతే తెర నన్ను మామూలు ప్రశ్నే అడిగింది. ఏ నైపుణ్యం వాడారు? ఒక్కొక్కటే 'వాడలేదు, వాడలేదు' అని నొక్కుకుంటూ వచ్చాను. చివర్న సిగ్గు దగ్గర 'వాడలేదు' అని నొక్కబోయాను. పక్క సీట్లోంచి తవిటినాయుడు తల వంచి చూస్తున్నాడు.

నొక్కడానికి సిగ్గేసింది. లేచి, ఆ పెద్దాయన్ని కేకేసి పిలిచాను.